పిడికిలి కన్నా ముందు పాదం

మన తెలుగు ఇళ్ళలో బలమంటే కోడి రామమూర్తినాయుడుగారి పేరే. గుండెలమీద ఏనుగును ఎక్కించుకొన్న మనిషి అని తాతలు చెప్పగా తండ్రులు, తండ్రులు చెప్పగా పిల్లలు విన్నారు. సొంత నాడు విడిచి నాలుగు తరాలయినా ఆ పేరు మాత్రం మనలో ఎవరూ మరిచిపోలేదు. అందుకే కాబోలు, టెలివిజనులో హెవీవెయిటు బాక్సింగు వస్తూ ఉండగా ఇంటికి వచ్చిన చుట్టం మొట్టమొదట చూచేది ఆ యోధుడి భుజాలను. తరువాత మెడను. ఆ వెంటనే, "అబ్బ! ఒక్క గుద్దు గుద్దితే గోడ కూలుతుందండీ" అంటాడు. కూలవచ్చును. కాని గోడ తిరిగి కొట్టదు, ఎదుటివాడు కొడతాడు. బాక్సింగు విద్య అంతా ఆ ఒక్క తేడాలోనే ఉన్నది.

కుటుంబాలు చదువుకొనే ఈ పత్రికలో ఈ గుద్దులాట సంగతి ఎందుకని అమ్మలు అడుగుతారు. అడగవలసినదే. మా ఇంట్లో ఇది వినోదంగా మొదలై ఒక సంతకం దగ్గరికి వచ్చి ఆగింది. మా మనుమడికి 17 ఏళ్ళు. ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, బరువు 94 కిలోలు. రెండేళ్ళుగా చెన్నపట్నం ఉత్తరపు కొసన ఉన్న ఒక తాలింఖానాలో బాక్సింగు నేర్చుకొంటున్నాడు. ఇప్పుడు పోటీకి దిగుతానంటాడు. పద్దెనిమిది నిండనివాడు గనుక పెద్దవాళ్ళ సంతకం కావాలి. తండ్రికి ఓడలమీద ఉద్యోగం, ఏడాదిలో సగం సముద్రంలోనే. కాగితం కోడలి చేతికి వచ్చింది. ఆమె దానిని తెచ్చి మా ముందు పెట్టి, "మామయ్యా, వాడి తలకు ప్రమాదం లేదని మీరు చెప్పండి, సంతకం నేను పెడతాను" అన్నది.

అంతకన్నా కష్టమైన ప్రశ్న మమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మాకు ఈ ఆట బొత్తిగా తెలియనిది కాదు. ఉత్తర మద్రాసులో పుట్టి పెరిగిన వాళ్ళకు బాక్సింగు వీధి సంగతి. ఇడియప్ప పరంపర, సార్పట్టా పరంపర అని ఇక్కడి జట్లకు పేర్లు. సంగీతంలో గురుపరంపర ఉన్నట్టే ఇక్కడ గుద్దులకూ పరంపర ఉన్నది. 2021లో వచ్చిన సినిమా పుణ్యమా అని ఆ పేర్లు దేశమంతటికీ తెలిశాయి. పెరంబూరు రైల్వే కారఖానాలో పనిచేసిన మా చిన్నాయన మా చిన్నతనంలో మమ్మల్ని ఆ పోటీలకు వెంటబెట్టుకొని వెళ్ళేవారు. ఆయన చెప్పే పాఠం ఒకటే: "మొదటి రౌండులో చేతులు చూడకండిరా, కాళ్ళు చూడండి." మూడు నిముషాలపాటు కాళ్ళనే చూడడం పిల్లలకు శిక్షలాగా ఉండేది. ఆ శిక్ష ఇన్నాళ్ళకు పనికివచ్చింది.

హెవీవెయిటు అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఈనాటి వృత్తి బాక్సింగులో 200 పౌన్లు, అంటే సుమారు 91 కిలోలు, దాటిన వాళ్ళు సాధారణంగా ఆ తరగతివాళ్ళే. పైన హద్దు లేదు. వెనుక ఇంత బరువు ఉండేది కాదు. 1952లో జెర్సీ జో వాల్కాట్‌ను 13వ రౌండులో పడగొట్టి ప్రపంచ ఛాంపియను అయిన రాకీ మార్సియానో 185 పౌన్ల లోపలి మనిషి. ఆడిన 49 పోటీలూ గెలిచి 1956లో విరమించుకొన్నాడు. ఈనాటి తూకంలో ఆయనకు హెవీవెయిటు తరగతిలో చోటే దొరకదు.

తేలిక తరగతులలో విద్య దాగదు. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబూల్‌లో 52 కిలోల తరగతిలోనూ, 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలోనూ ప్రపంచ ఛాంపియను అయింది. ఆ బరువులో ఒక్క దెబ్బతో పని తీరడం అరుదు. రౌండు రౌండుకూ అడుగు, దూరం, వేళ అన్నీ సరిగా కుదరాలి. తప్పు చేస్తే అప్పటికప్పుడే తెలిసిపోతుంది. హెవీవెయిటుకు అట్లా కాదు. పది తప్పులు చేసినవాడు పదకొండవ నిముషంలో ఒక్క గుద్దుతో గెలవవచ్చును. గెలుపు వచ్చి తప్పులమీద దుప్పటి కప్పుతుంది. అందుచేత బరువైనవాడి విద్యను గెలుపోటములను బట్టి గాక, అతడు కొట్టని క్షణాలను బట్టి తూచవలసి ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ అమెరికావాడు డియాంటే వైల్డర్. ఇరవయ్యో ఏడు సమీపిస్తూ ఉండగా గ్లవ్స్ తొడిగి, 2008 బీజింగ్ ఒలింపిక్సులో కంచు పతకం తెచ్చాడు. అతని కుడిచెయ్యి వంటిది ఈ తరంలో మరొకటి లేదనేవాళ్ళు చాలామంది. 2019 నవంబరులో లూయిస్ ఓర్టిజ్ అనే క్యూబా యోధుడు ఆరు రౌండ్లు విద్యలో అతనిని మించి ఆడాడు. ఏడవ రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బ తగిలి పోటీ ముగిసింది. చూచినవాళ్ళు ఆహా అన్నారు. మూడు నెలలు తిరగలేదు. 2020 ఫిబ్రవరిలో టైసన్ ఫ్యూరీ అతని మీదికి నడిచివచ్చాడు. వెనక్కు తోస్తే వైల్డర్ కాళ్ళు చిక్కుపడ్డాయి, కాళ్ళు చిక్కుపడితే ఆ కుడిచేతికి ఆధారం లేకపోయింది. ఏడవ రౌండులో అతని పక్షం వాళ్ళే తువ్వాలు విసిరి పోటీ ఆపించుకొన్నారు. దెబ్బ పుట్టేది పిడికిలిలో కాదు. నేలమీద ఆనిన పాదంలో పుట్టి, తొడ గుండా నడుము తిరిగి, భుజం దాటి పిడికిలికి వస్తుంది. పాదం కదిలిపోయినవాడి చేతిలో ఎంత బలమున్నా అది గాలిలో కట్టిన మేడే.

కనుక మొదటి పరీక్ష నిలుచుండే తీరు. పాదాలు భుజాల వెడల్పున ఉన్నాయా? వెనుక మడమ కొంచెం లేచి, మోకాళ్ళు కొంచెం వంగి ఉన్నాయా? ప్రక్కకు జరిగేటప్పుడు ఒక కాలు మరొక కాలిని దాటి ముడిపడుతున్నదా? అన్నిటికన్నా ముఖ్యం, గుద్దు గురి తప్పినప్పుడు ఏమవుతున్నాడు? గురి తప్పి ముందుకు తూలినవాడు ఎదుటివాడికి తల అప్పగించినట్టే. జో లూయిస్‌ను పాత ఫిల్ములలో చూడండి. ఎగరడం, గంతులు వేయడం ఉండదు. నేలను రాసుకొంటూ చిన్న చిన్న అడుగులు వేసి దగ్గరకు వస్తాడు. ఆయన గుద్దులు జానెడు దూరం నుంచి వచ్చినట్టే ఉంటాయి. కాలు ఎప్పుడూ కుదురుగా ఉండడమే దానికి కారణం.

రెండవ పరీక్ష జాబ్. ముందున్న చేతిని తిన్నగా చాపి కొట్టే పోటు ఇది. చూడడానికి చప్పగా ఉంటుంది, చప్పట్లు కొట్టేవాళ్ళు ఉండరు. కాని ఇంటికి వాకిలి ఎట్లాగో బాక్సింగుకు జాబ్ అట్లాగ. దూరం కొలిచేది అదే, ఎదుటివాడి లయ చెడగొట్టేది అదే, పెద్ద గుద్దుకు దారి తీసేదీ అదే. లారీ హోమ్స్ ఏడేళ్ళు ఛాంపియనుగా ఉన్నది ముఖ్యంగా ఆ ఎడమచేతి చలవవల్లనే. అయితే జాబ్ ఎంత వేగంగా వెళ్ళిందన్నది సగం సంగతి. ఎంత ఎత్తున తిరిగి వచ్చిందన్నది మిగిలిన సగం.

ఈ మిగిలిన సగానికి 1936 నాటి కథ ఉన్నది. అప్పటికి జో లూయిస్ ఓటమి ఎరుగనివాడు. జర్మనీ యోధుడు మాక్స్ ష్మెలింగ్ అతని ఫిల్ములు శ్రద్ధగా చూచి ఒక లోపం కనిపెట్టాడు. జాబ్ వేసిన తరువాత లూయిస్ ఎడమచెయ్యి కిందుగా వెనక్కు వస్తున్నది. ఆ రెప్పపాటులో ఎడమ చెంప కాపలా లేని ఇల్లు. 1936 జూన్ 19న న్యూయార్కులో ష్మెలింగ్ ఆ సందులోనుంచే కుడిచేత్తో మళ్ళీ మళ్ళీ కొట్టి 12వ రౌండులో లూయిస్‌ను పడగొట్టాడు. లూయిస్ బలం తగ్గలేదు, ధైర్యం తగ్గలేదు. చెయ్యి నాలుగంగుళాలు దిగింది, అంతే. శిక్షకుడు జాక్ బ్లాక్‌బర్న్ శిష్యుడిచేత ఆ లోపం దిద్దించాడు. 1938 జూన్ 22న మళ్ళీ కలిసినప్పుడు పోటీ 124 సెకండ్లలో ముగిసింది, ఈసారి గెలుపు లూయిస్‌ది. ఆ రోజులలో ఆ రెండు పోటీలనూ రెండు దేశాల పరువుగా చెప్పుకొన్నారు. బాక్సింగు నేర్చుకొనే పిల్లవాడికి మాత్రం అవి ఒక చెయ్యి ఎత్తు గురించిన పాఠాలు.

మూడవ పరీక్ష గడ్డం. గడ్డం రొమ్ముకు దగ్గరగా, ముందు భుజం చాటున ఉండాలి. ఇక్కడ మా మనుమడు తప్పక అడ్డు తగులుతాడు: "మరి అలీ చేతులు కిందనే పెట్టేవాడు గదా తాతా!" నిజమే. మహమ్మదలీ చేతులు దించేవాడు, దెబ్బ వస్తే తల వెనక్కు వంచేవాడు. రెండూ పుస్తకంలో కూడదన్న పనులే. 1980లో ఆయన మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు మేమూ గ్యాలరీలో ఉన్నాము. ముందు వరుసలు ఎం.జి.ఆర్.ను, అలీని మార్చి మార్చి చూస్తున్నాయి. మేము చిన్నాయన పాఠం ప్రకారం కాళ్ళు చూచాము. నలభయ్యో పడి దగ్గరపడి ఒళ్ళు బరువెక్కిన ఆ మనిషి పాదాలలో ఇంకా తాళం ఉన్నది. అప్పుడు అర్థమైంది, అలీ మూలసూత్రాన్ని వదలలేదు, దాని చోటు మార్చాడు. చేతులు చేయవలసిన కాపలా కాళ్ళకూ కళ్ళకూ అప్పగించాడు.

కాని కాపలావాడు ముసలివాడైతే ఏమవుతుంది? 1963లో లండనులో హెన్రీ కూపర్ ఎడమ హుక్కు ఆయనను పడగొట్టింది. 1971 మార్చి 8న జో ఫ్రేజియర్ ఎడమ హుక్కు 15వ రౌండులో పడగొట్టింది. కాళ్ళు చురుకుగా ఉన్నంతకాలం ఆ దించిన చేతి బాకీ అప్పుడప్పుడే వసూలయింది. కాళ్ళు నెమ్మదించాక వడ్డీతో వసూలయింది. మద్రాసులో మేము చూచిన ఆ ఏడే అక్టోబరులో హోమ్స్‌తో తలపడి పది రౌండ్లు జాబ్‌లు తిన్నాడు. తరువాత ఆయన పక్షమే పోటీ ఆపింది. 1984లో పార్కిన్సన్ లక్షణాలు బయటపడ్డాయి. 2016లో ఆయన కన్నుమూసేవరకు ఆ వణికే చేతులను లోకమంతా చూచింది. ఆ జబ్బుకు దెబ్బలే కారణమా అన్నదానిలో వైద్యులకు భేదాభిప్రాయాలున్నాయి. తలకు పదేపదే తగిలే దెబ్బలు మెదడును చెడగొడతాయన్నదానిలో మాత్రం లేవు. హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికా వైద్యుడు 1928లోనే దీనిని గురించి రాసినాడు.

నాలుగవది ఊపిరి. పెద్ద శరీరం పెద్ద పొయ్యి వంటిది, కట్టెలు త్వరగా అయిపోతాయి. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో 25 ఏళ్ళ జార్జి ఫోర్‌మన్ అలీని తాళ్ళకు ఆనించి ఒంట్లో ఉన్నదంతా గుద్దులుగా పోశాడు. అలీ గెంతలేదు, కాచుకొన్నాడు, ఊపిరి దాచుకొన్నాడు. ఎనిమిదవ రౌండులో ఫోర్‌మన్ కూలిపోయాడు. అదే ఫోర్‌మన్ ఇరవై ఏళ్ళ తరువాత, 1994 నవంబరు 5న, 45 ఏళ్ళ వయస్సులో మైకేల్ మూరర్ ముందు నిలిచాడు. తొమ్మిది రౌండ్లు వెనుకబడే ఉన్నాడు. తొందరపడలేదు. జాబ్ వేస్తూ, దూరం సరిచూచుకొంటూ పదవ రౌండులో ఒక తిన్నని కుడిచేతి పోటుతో మళ్ళీ ప్రపంచ ఛాంపియను అయ్యాడు. యౌవనంలో బలం చేయలేని పనిని ముదిమిలో పొదుపు చేసింది.

బరువును విద్య ఎంతవరకు ఆపగలదో తెలియాలంటే 2024 మే 18న రియాద్‌లో జరిగిన పోటీ చూడాలి. ఫ్యూరీ 6 అడుగుల 9 అంగుళాల మనిషి. ఒలెక్సాండర్ ఉసిక్ అనే ఉక్రెయిన్ యోధుడు అతనికన్నా ఆరంగుళాలు పొట్టి, 25 పౌన్లకు పైగా తేలిక. ఉసిక్ ఒక్కచోట నిలిచి ఉన్న క్షణం దాదాపు లేదు. కొట్టిన ప్రతిసారీ అడుగు ప్రక్కకు పడింది. కొట్టినచోట అతను లేడు, ఉన్నచోట దెబ్బ తగలలేదు. తొమ్మిదవ రౌండులో ఫ్యూరీ తాళ్ళు పట్టుకొని తూలిపోతే రిఫరీ లెక్కపెట్టవలసి వచ్చింది. తీర్పు ఇద్దరు న్యాయమూర్తుల మాటతో ఉసిక్ పక్షాన వచ్చింది. ఆ ఏడు డిసెంబరులో మళ్ళీ కలిస్తే ముగ్గురూ అతనికే ఇచ్చారు.

ఇక మా ఇంటి సంగతి. కోడలికి జవాబు చెప్పడానికి మేము నాలుగు ఆదివారాలు గడువు అడిగి తాలింఖానాకు వెళ్ళాము. ఒక మూల బెంచీమీద కూర్చుని, మొదటి వారం కాళ్ళు, రెండవ వారం చేతులు, మూడవ వారం గడ్డం, నాలుగవ వారం ఊపిరి చూచాము. వాడి జాబ్ తిన్నగా వెళుతున్నది, సంతోషించాము. కోపం లేదు, దెబ్బ తగిలితే నవ్వుతాడు, అదీ మంచిదే. కాని కుడిచెయ్యి విసిరిన తరువాత నడుము దగ్గరికి దిగివస్తున్నది. ఎడమకు జరిగేటప్పుడు కాళ్ళు ముడిపడుతున్నాయి. మూడవ రౌండుకల్లా నోరు తెరుస్తున్నాడు, నోటితోపాటు గడ్డం లేస్తున్నది. ఇన్నాళ్ళూ ఇవి ఎందుకు బయటపడలేదంటే, అక్కడ వాడితో ఆడే పిల్లలలో వాడి బరువు ఉన్నవాడు ఒక్కడూ లేడు. వాళ్ళు వీడి గడ్డాన్ని అందుకొనేలోగా వీడి బరువే వాళ్ళను తోసివేస్తున్నది. పోటీలో ఎదురయ్యేవాడు వీడంతవాడే అయి ఉంటాడు.

వాద్యారు మంచి మనిషి. "రింగులో దిగితేనే నేర్చుకొంటాడండీ" అన్నారు. ఆ మాటను మేము తేలికగా తీసికోలేదు. ఈత నీళ్ళలోనే నేర్చుకోవాలి, నిజమే. కాని వరదలో కాదు గదా!

ఆ రాత్రి మనుమడిని పిలిచాము.

"తాతా, నా గుద్దు చూచారా? బస్తా ఎంత దూరం ఊగిందో చూచారా?"

"చూచాము నాయనా. బస్తా ఊగుతూ ఉండగా నీ చెయ్యి ఎక్కడ ఉన్నదో కూడా చూచాము."

వాడు మాట్లాడలేదు. ఈ ఏడు సంతకం లేదని చెప్పాము. మానుకొమ్మని చెప్పలేదు. కుడిచెయ్యి దవడ దగ్గరికి తిరిగివచ్చేవరకు, మూడు రౌండ్లు నోరు మూసి ఆడేవరకు తాలింఖానా ఉన్నది, పోటీ లేదు. ఎనిమిది రోజులు మాతో పలకలేదు. వాళ్ళ అమ్మ ఆ ఎనిమిది రోజులూ వాడికి ఇష్టమైన గోంగూర పచ్చడి చేసి పెట్టింది. అది ఓదార్పో, ఊరటో మేము అడగలేదు.

ఒక సంగతి మాత్రం మాకు తెలుసు. వచ్చే శ్రావణానికి వాడికి 18 నిండుతాయి. అప్పుడు ఎవరి సంతకమూ అక్కరలేదు. మాకున్న గడువు ఆ కొద్ది నెలలే. అందుకని ప్రతి ఆదివారమూ వెళుతూనే ఉన్నాము. వాడు బస్తా గుద్దుతూ ఉంటే, గుద్దు గురించి ఒక్క మాట అనకుండా, "చెయ్యి" అంటాము. ఈమధ్య మేము నోరు తెరవకముందే చెయ్యి పైకి వస్తున్నది. గడ్డం ఇంకా లేస్తూనే ఉన్నది.

మీ ఇళ్ళలోనూ ఎత్తుగా ఎదిగిన పిల్లవాడో పిల్లో గ్లవ్స్ తొడుగుతాననవచ్చును. వద్దని తలుపు వేయకండి, ఆహా అని ముందుకు తోయకండి. వెళ్ళి చూడండి. మొదట పాదాలు, తరువాత తిరిగివచ్చే చెయ్యి, తరువాత గడ్డం, చివరకు మూడవ రౌండులో మూసి ఉన్న నోరు. గుద్దు ఎంత గట్టిదో చూడడానికి ఊరంతా ఉన్నది. ఈ నాలుగూ చూడడానికి ఇంటివాళ్ళే ఉండాలి.